కరెంటు పోయినా మర్చిపోనిది

"గుండ్రంగా తిరిగేదొకటి ఇవ్వండి."

కౌంటర్ వెనక లంచ్ డబ్బా ముందు పెట్టుకుని కూర్చున్న అమ్మాయి తల కూడా ఎత్తలేదు. "ఫ్యాన్లు పక్క షాపులో."

"ఫ్యాన్ కాదండీ, ఎన్‌కోడర్."

అప్పుడు తలెత్తింది. ఎదురుగా జుట్టులోంచి వాననీళ్లు కారుతున్న కుర్రాడు. చొక్కా నిండా గ్రీజు, ముఖం నిండా వెర్రినవ్వు. తడిసిన మోచేతులు రెండూ తెచ్చి తిన్నగా ఆమె అద్దాల కౌంటర్ మీద ఆనించాడు. ఆ అద్దం ఆమె అప్పుడే తుడుచుకుంది.

"ఏ ఎన్‌కోడర్?"

"మామూలుదే."

"మామూలుదంటూ ఏదీ ఉండదు. చెప్పుల షాపుకెళ్లి మామూలు చెప్పులివ్వమంటారా?"

"అంటానండీ. ఇస్తారు కూడా."

ఆమె కౌంటర్ మీంచి వంగి అతని కాళ్లకేసి చూసింది. "తెలుస్తూనే ఉంది," అంది.

ఇదీ వాళ్లిద్దరి తొలిచూపు. పూలు రాలలేదు, గంటలు మోగలేదు. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను. మా ఊరు ఫెంగ్‌యువాన్‌లో స్టేషన్ వెనక సందులో జియాన్ వారి ఎలక్ట్రిక్ సామాన్ల షాపుకి సరిగ్గా ఎదురుగా నా కేకుల కొట్టు ఉంది. వానల్లో బేరాలుండవు. బేరాల్లేని మనిషికి చెవులు బాగా పనిచేస్తాయి. కాబట్టి ఇందులో నేను విన్నది ఎక్కువ, కల్పించింది తక్కువ.

అమ్మాయి పేరు జియాన్ పెయ్-లిన్. ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదువుకుంది. తాతకి కళ్లు మసకబారాక షాపు తనే చూసుకుంటోంది. మనసు మంచిదే. ఆ మనసు దాకా వెళ్లాలంటే ముందు నోరు దాటాలి, అక్కడే తంటా.

అబ్బాయి కాంగ్ మావ్-షున్. మేమంతా ఆ-షున్ అంటాం. వాళ్ల నాన్న పోతూ పోతూ కాలువ పక్కన ఒక షెడ్డూ, అందులో ఒక లేత్ మిషనూ వదిలిపోయాడు. తల్లీకొడుకులు కలిసి నడుపుతారు. నడుపుతారంటే, తల్లి నడుపుతుంది. వీడు పక్కన నిలబడి "అమ్మనడిగి చెప్తా" అంటుంటాడు. చేతిలో పనితనం లేదని కాదు. ఇనుము వీడి మాట వింటుంది. వీడు అమ్మ మాట వింటాడు.

అప్పట్లో వీడు గుడి బజార్లో టీ కొట్టు నడిపే హోంగ్ ఆంటీకి ఒక మిషన్ కడుతున్నాడు. గుండ్రటి పళ్లెం, దాని మీద చుట్టూ డబ్బాలు. ఒకదాంట్లో బ్లాక్ టీ, ఒకదాంట్లో ఊలాంగ్, ఒకదాంట్లో బూడిదగుమ్మడి టీ, ఇలా కాకరకాయ రసం దాకా. బటన్ నొక్కితే పళ్లెం తిరిగి, అడిగిన డబ్బా కుళాయి కప్పు మీదికొచ్చి ఆగాలి. అంతే. అది పనిచేస్తే తన అక్కచెల్లెళ్ల కొట్లన్నిటికీ అవే చేయించుకుంటానని హోంగ్ ఆంటీ మాటిచ్చింది. పనిచేయకపోతే లేత్ మిషన్ పాతసామాన్ల వాడికి, ఆ-షున్ గాంగ్‌షాన్‌లో పెదమావయ్య స్క్రూల ఫ్యాక్టరీకి. ఇది వాళ్లమ్మ తీర్పు. ఆవిడ తీర్పు మీద అప్పీలు ఉండదు.

పళ్లెం ఎంత తిరిగిందో మిషన్‌కి చెప్పేదే ఈ ఎన్‌కోడర్. అది వీడికి తెలుసు. అందులో ఇన్ని రకాలున్నాయని తెలీదు.

"ముందు కూర్చోండి," అంది పెయ్-లిన్. "కౌంటర్ మీద కాదు, స్టూలు మీద."

సొరుగు లాగి ఒకటి తీసి ముందు పెట్టింది. "ఇది చేత్తో తిప్పుకునేది. టకటకమంటుంది. రేడియోలో సౌండు పెంచుకోడానికి పెడతారు."

వాడు తిప్పి చూశాడు. టక్ టక్ టక్. "భలే ఉందండీ!"

"భలేగానే ఉంటుంది. మోటారుకి తగిలిస్తే నాలుగు రోజుల్లో చస్తుంది. కింద పెట్టండి."

టక్ టక్.

"పెట్టమన్నానా?"

పెట్టాడు.

"ఇది ఆప్టికల్. లోపల పల్చటి పళ్లెం, దాని మీద సన్నగీతలు. గీతల సందుల్లోంచి వెలుతురు వస్తూ పోతూ ఉంటే లెక్కపెడుతుంది. చాలా కచ్చితంగా చెబుతుంది. మీ మిషన్ పెట్టేదెక్కడ?"

"టీ కొట్లో."

"అయిపోయింది. ఆవిరి, బెల్లప్పాకం, పిండి. లోపలికి దూరిందంటే గుడ్డిదైపోతుంది. మా తాతయ్యలాగ."

"విన్నానే!" అని లోపల్నుంచి తాత అరిచాడు.

"వినాలనే అన్నా తాతయ్యా!" అని, ఆమె మూడోది తీసింది. "ఇది మాగ్నెటిక్. షాఫ్ట్ చివర చిన్న అయస్కాంతం తిరుగుతుంది, ఎదురుగా ఉన్న చిప్పు కనిపెడుతుంది. ఆవిరికి జంకదు, పిండికి జంకదు. దీనికి పడనిది ఒక్కటే. పక్కన ఇంకో పెద్ద అయస్కాంతం ఉండకూడదు. ఉందంటే ఎవరి మాట వినాలో తెలీక తికమకపడుతుంది. వింటున్నారా?"

"వింటున్నానండీ."

ఎక్కడ విన్నాడు? చూస్తున్నాడు. ఆమె జుట్టు ముడిలో ఒక పెన్ను గుచ్చుకుని ఉంది. మాట్లాడుతూ ఆ పెన్ను కోసమే కౌంటరంతా వెతుకుతోంది. వీడు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. చూడటం, వినడం రెండూ ఒకేసారి చేయలేని మనిషి.

"ఇప్పుడు అసలు సంగతి," అంది పెయ్-లిన్. "కరెంటు పోయి వస్తే మీ పళ్లెం ఎక్కడుందో దీనికి గుర్తుండాలా, అక్కర్లేదా?"

"అంటే?"

"ఇంక్రిమెంటల్ రకం అడుగులు మాత్రమే లెక్కపెడుతుంది. కరెంటు పోయిందా, లెక్క కూడా పోయింది. మళ్లీ వచ్చాక తను ఎక్కడుంటే అదే సున్నా అనుకుంటుంది. వాడుకోవచ్చు, కాకపోతే కరెంటు వచ్చినప్పుడల్లా ఇంటికెళ్లి సున్నా తాకి రమ్మని దానికి నేర్పాలి. అబ్సల్యూట్ రకానికి ఆ గొడవ లేదు. కళ్లు తెరవగానే నేను ఫలానా చోట ఉన్నానని చెప్పేస్తుంది. కొంచెం ఖరీదు."

"ఖరీదా? అయితే అమ్మనడిగి వస్తా."

"సరే. మీ షాఫ్ట్ లావెంత?"

"అమ్మనడిగి..."

"గట్టి షాఫ్టా, బోలు షాఫ్టా?"

"అది కూడా అమ్మని..."

పెయ్-లిన్ చేతిలో ఉన్నది కింద పెట్టేసింది. "మీకు ఎన్‌కోడర్ ఎందుకండీ, మీరే ఒక ఇంక్రిమెంటల్! ఏం అడిగినా ఇంటికెళ్లి సున్నా తాకి వస్తారు."

లోపల తాత పకపకా నవ్వాడు. సందుకివతల నేనూ నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది, ఎందుకంటే ఆ-షున్ చెవులు ఎర్రబడ్డాయి, చెవులతో పాటు పౌరుషం లేచింది.

"ఇంక్రిమెంటలే ఇవ్వండి. హోంగ్ ఆంటీ కొట్లో కరెంటు పోదు."

"టీ కొట్లో కరెంటు పోదా?"

"పోదు."

"మీ ఇష్టం," అని ఆమె పొట్లం కట్టి ఇచ్చింది. "వెళ్తూ వెళ్తూ కౌంటర్ తుడిచి వెళ్లండి."

తుడిచి వెళ్లాడు. తన చొక్కా చేత్తోనే. ఆ గ్రీజు వదిలించడానికి ఆమె ఆ పూటంతా తిట్టుకుంటూనే ఉంది.

*

మొదటి పరీక్ష రోజు నేనూ వెళ్లాను. ఊరికే టీ పోస్తారంటే వెళ్లకుండా ఉండే మనిషిని కాదు.

మిషన్ ముద్దుగానే ఉంది. ఆ-షున్ వాళ్లమ్మ మెరిసేటట్టు తోమింది. నెత్తిన ఆకుపచ్చ చిప్స్ ప్యాకెట్ కూడా పెట్టింది. ఆ చిప్స్ పేరుకి అర్థమే 'బుద్ధిగా ఉండు' అని, అందుకే మా దగ్గర ఏ మిషన్ నెత్తినైనా అది ఉండాల్సిందే. కొబ్బరి రుచిది, ఆకుపచ్చదే పెట్టాలి. పసుపు ప్యాకెట్ పెడితే మిషన్ అలుగుతుంది. తేదీ దాటకూడదు, ఎవరూ చింపి తినకూడదు. నా కేకుల పొయ్యి మీదా ఉంది, పెయ్-లిన్ కంప్యూటర్ మీదా ఉంది. అంత చదువుకున్న పిల్ల కూడా దాన్ని మాత్రం తీయదు. నవ్వేవాళ్లు నవ్వుకోండి, మా పొయ్యిలు పనిచేస్తున్నాయి.

కాసేపు అంతా సవ్యంగా నడిచింది. ఊలాంగ్ అడిగితే ఊలాంగ్, నిమ్మ అడిగితే నిమ్మ. హోంగ్ ఆంటీ మురిసిపోయి, ఇంక టీలో వేసే టపియోకా ముత్యాలు, అదే లావు సగ్గుబియ్యం, ఉడికిద్దామని పెద్ద కుక్కర్ ప్లగ్గు పెట్టింది.

టప్!

కరెంటు పోయింది. కుక్కర్ లోడుకి పడిపోయిన మీట మళ్లీ పైకెత్తితే వచ్చింది. పళ్లెం మాత్రం సగం తిరిగి ఆగిన చోటే నిలబడి, ఇదే నా సున్నా అనుకుంది. ఆ సంగతి తెలీని నేను హాయిగా బ్లాక్ టీ బటన్ నొక్కి, పాలు కలుపుకుని ఒక గుక్క తాగాను.

కాకరకాయ రసంలో పాలు. నా వయసులో చాలా అవమానాలు మింగాను. ఇది మాత్రం మింగలేకపోయాను.

"ఛీ! థూ! ఏం పోశావురా నాకు?"

ఆ-షున్ బిత్తరపోయి బటన్ల మీద బటన్లు నొక్కాడు. గ్రీన్ టీ అంటే రేగుపళ్ల రసం, రేగు అంటే బూడిదగుమ్మడి. అంతలో వాళ్లమ్మ నేల మీద నుంచి ఏదో తీసి పైకెత్తి కెవ్వుమంది. "ప్యాకెట్ కింద పడింది! పళ్లెం కుదుపుకి జారిపోయింది! అందుకే ఇదంతా!"

"అమ్మా, అది కాదు..."

"నువ్వు నోర్ముయ్! ఆకుపచ్చ ప్యాకెట్ నేల మీద పడితే మిషన్ బుద్ధిగా ఎలా ఉంటుంది?"

హోంగ్ ఆంటీ తలూపింది. "నిజమే వదినా. ప్యాకెట్ పడిపోయింది కాబట్టి ఇది లెక్కలోకి రాదు. వచ్చే శనివారం మళ్లీ చూద్దాం. ఆ తర్వాత మాత్రం నన్నడక్కండి."

ఆ రకంగా చిప్స్ ప్యాకెట్ పుణ్యమా అని వాడికి ఇంకో అవకాశం దొరికింది. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఆ ప్యాకెట్ వాడికి చేసిన మేలు అదొక్కటే.

*

మర్నాడు మళ్లీ వాన. మళ్లీ అదే స్టూలు. ఈసారి మోచేతులు కౌంటర్ మీద పెట్టలేదు.

"కరెంటు పోయిందా?" అంది పెయ్-లిన్.

"పోయింది."

"నేనేం అనట్లేదు."

"అనండి, పర్లేదు."

"చెప్పానా లేదా? చెప్పానా? చెప్పానా?" అని మూడుసార్లు అని, ఆమె చల్లబడింది. "పదండి, మీ షెడ్డు చూపించండి. షాఫ్ట్ నేనే కొలుస్తా. మీరు వెళ్లి అమ్మనడిగి వచ్చేసరికి వానాకాలం అయిపోతుంది."

ఆమె స్కూటర్ వెనక వీడు కూర్చున్నాడు. ఒకే రెయిన్‌కోటు. ముందు ఆమె, వెనక వీడి తల ఒక్కటీ ఆ కోటు కింద, మిగతా ఒళ్లంతా వానలో. సందు చివరిదాకా నేను చూశాను. తడుస్తున్న మనిషి అంత సంతోషంగా ఉండటం నేనెక్కడా చూడలేదు.

షెడ్డులో జరిగింది వాళ్లమ్మ నాకు చెప్పింది. పిల్ల రాగానే చొక్కా చేతులు పైకి మడిచి పళ్లెం కింద దూరిందట. షాఫ్ట్ కొలిచింది. ఇనప పట్టీకి ఎక్కడ కన్నం పెట్టాలో గీత గీసింది. వీడు అప్పటికప్పుడు ఆ కన్నం వేసి పట్టీ బిగిస్తే, వెలితి లేకుండా కూర్చున్న ఆ పనిని వేలితో తడిమి చూసి, "ఇది మీరే చేశారా?" అందట. "ఇంత సాఫుగా?"

"ఇది మాత్రం అమ్మనడక్కుండానే చేశా," అన్నాడు వీడు.

నవ్విందట. వాళ్లమ్మ అప్పుడే లోపలికెళ్లి, రేగుపొడి చల్లి జామకాయ ముక్కలు తెచ్చి పెట్టింది. నాకు ఆవిడ ఇన్నేళ్లలో ఒక్క ముక్క పెట్టలేదు.

"అబ్సల్యూట్‌లోనూ రెండున్నాయి," అందట పిల్ల నములుతూ. "ఒక్క చుట్టులో పళ్లెం ఎక్కడుందో చెప్పేదొకటి. మొత్తం ఎన్ని చుట్లు తిరిగిందో కూడా గుర్తుపెట్టుకునేది ఇంకోటి. అది బాగా ఖరీదు. అది అమ్మితే నాకు లాభం, మీకు దండగ. మీ పళ్లెం ఎన్నిసార్లు తిరిగితే మనకేంటి? మాగ్నెటిక్‌లో ఒక్క చుట్టుది చాలు."

వాడు సరిగ్గా ఆ మాట దగ్గర పడిపోయాడని నా నమ్మకం. లాభం వచ్చేది వద్దని చెప్పే షాపు మనిషి ఫెంగ్‌యువాన్‌లో ఇంకెవరున్నారు? నేనైతే కాదు.

ఆ వారమంతా పెయ్-లిన్ మధ్యాహ్నాలు షెడ్డుకే వెళ్లింది. తాత షాపులో కూర్చుని, వచ్చినవాళ్లకి చేతికందింది అమ్మేశాడు. బల్బు అడిగితే గంట ఇచ్చాడు. కొత్త ఎన్‌కోడర్ బిగించి, మిషన్‌కి కరెంటు తీసి పెట్టి, తీసి పెట్టి చూశారు. ప్రతిసారీ పళ్లెం తను ఎక్కడుందో ఠక్కున చెప్పింది. ఆమెకి వాడు రోజూ అదే పోసి ఇచ్చేవాడు, బూడిదగుమ్మడి టీలో నిమ్మరసం. మొదటిరోజు అడిగాడు, ఆ తర్వాత అడగలేదు.

"గుర్తుందే!" అందట ఓ రోజు.

"ఉంటుంది," అన్నాడట వీడు. అంతకంటే ముందుకెళ్లలేదు. ధైర్యం కోసం ఎటో చూశాడని, చూస్తే అక్కడ తల్లి నిలబడి ఉందని ఆవిడే చెప్పి నెత్తి కొట్టుకుంది.

*

శనివారం వచ్చింది. నేను నా టీ నేనే ఇంటి నుంచి తెచ్చుకున్నాను.

పెయ్-లిన్ హోంగ్ ఆంటీ ఎదురుగా నిలబడి, "ఆంటీ, ఎన్‌కోడర్ నేనిచ్చింది. నా చేత్తో పరీక్షించాను. అందులో లోపముంటే పూచీ నాది," అంది. ఆ అమ్మాయి అంత మాట ఎవరి గురించీ అనదు.

ఆ-షున్ కప్పులు తేవడానికి వెనక్కి వెళ్లాడు. ఆ కాస్త సమయంలో వాళ్లమ్మ తన పని చేసుకుంది. కొత్త ఆకుపచ్చ ప్యాకెట్, తేదీ రెండుసార్లు చూసుకుంది. ఈసారి పడకూడదు. పడకుండా ఉండాలంటే గట్టిగా పట్టుకునేది ఏదైనా ఉండాలి. లేత్ కింద ఇనప రజను ఏరడానికి వాడే పెద్ద అయస్కాంతం సంచిలో వేసుకొచ్చింది. ప్యాకెట్ మూతి దాని కింద పెట్టి, మిషన్ నడిమధ్య ఉన్న ఇనప పట్టీకి టప్పున అంటించింది. రెండు చేతులా లాగినా రాదు. దండం పెట్టుకుని పక్కకి జరిగింది.

ఆ పట్టీ కిందే ఎన్‌కోడర్ ఉంది. నాకు ఆ సంగతి తెలీదు. ఆవిడకి అసలే తెలీదు. తెలిసిన ఇద్దరూ, ఒకడు కప్పులు లెక్కపెడుతున్నాడు, ఒకత్తె హోంగ్ ఆంటీతో మాట్లాడుతోంది.

ఆ-షున్ ఊలాంగ్ నొక్కాడు. పళ్లెం తిరిగింది, కొంచెం ఎక్కువే తిరిగింది. రెండు డబ్బాల మధ్య ఆగి, బల్ల మీద పోసింది. గ్రీన్ టీ నొక్కాడు. నిమ్మరసం. మళ్లీ నొక్కితే ఇంకోటి. హోంగ్ ఆంటీ చెప్పులు తడిసిపోయాయి.

"కరెంటు కూడా పోలేదే!" అన్నాడు వాడు ఏడుపుగొంతుతో.

"ప్యాకెట్ కూడా పడలేదే!" అంది వాళ్లమ్మ, అంతకంటే ఏడుపుగొంతుతో.

హోంగ్ ఆంటీ చెప్పు విడిచి దులుపుకుంటూ, "ఏం నాయనా, లోపం ఎక్కడ?" అంది.

అక్కడ నోరు మూసుకుని ఉంటే ఎంత బాగుండేది! అందరూ చూస్తున్నారు, వాడి తల తిరిగిపోయింది. "ఎన్‌కోడర్‌లోనే ఉన్నట్టుంది ఆంటీ," అనేశాడు.

పెయ్-లిన్ ముఖం చిన్నబోయింది.

"నిన్నటిదాకా మీ షెడ్డులో మీ ఎదురుగానే పనిచేసింది కదా," అంది.

"అవును, కానీ ఇక్కడ..."

"పూచీ నాదని చెప్పాను. విప్పి తెచ్చి ఇచ్చేయండి, వాపసు తీసుకుంటా." అని బయటికి నడిచింది. రెయిన్‌కోటు ఇక్కడే కుర్చీ మీద వదిలేసి, వానలో.

"సాయంత్రం గుడికి జనం వస్తారు," అంది హోంగ్ ఆంటీ, జాలిగానే. "ఆలోపు ఇది ఖాళీ చెయ్యండి వదినా."

ఆ-షున్ స్క్రూడ్రైవర్ తీసి మిషన్ ముందు చతికిలపడ్డాడు. ఎన్‌కోడర్ విప్పాలంటే ముందు పట్టీ మీదున్న ప్యాకెట్ తీయాలి. అయస్కాంతాన్ని కిందామీదా పడి లాగి, ప్యాకెట్‌తో సహా దూరంగా బల్ల చివర పెట్టాడు. విప్పబోయి ఆగాడు. ఎందుకో ఒక్కసారి బూడిదగుమ్మడి టీ బటన్ నొక్కాడు. ఉక్రోషం కొద్దీ నొక్కాడంతే, ఆశతో కాదు.

పళ్లెం తిరిగింది. ఠంచనుగా ఆగింది. బూడిదగుమ్మడి టీ పడింది.

ఊలాంగ్ నొక్కాడు. ఊలాంగ్. నిమ్మ, నిమ్మే. లేచి వెళ్లి ప్యాకెట్ తెచ్చి, అయస్కాంతంతో మళ్లీ పట్టీకి అంటించి నొక్కాడు. పళ్లెం పిచ్చిదానిలా ఎటో తిరిగింది. తీసేశాడు. బుద్ధిగా నిలబడింది. వాడు ఆ అయస్కాంతాన్ని చేతిలో పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయాడు. ఎవరి మాట వినాలో తెలీక తికమకపడుతుంది, అని ఒక అమ్మాయి జుట్టులో పెన్ను పెట్టుకుని చెప్పిన మాట అప్పుడొచ్చి చెవిలో పడింది, ఇన్నాళ్లకి.

"ఏమైందిరా?" అంది వాళ్లమ్మ.

వాడు అటు చూశాడు, ఇటు చూశాడు. హోంగ్ ఆంటీ ఉంది, నేనున్నాను, టీ కోసం వచ్చినవాళ్లున్నారు. అందరి ముందూ తల్లిని తప్పుపట్టాలి. లేదంటే ఆ పిల్ల మాట పోయినట్టే ఉండిపోతుంది.

"అమ్మా, ఎన్‌కోడర్‌లో లోపం లేదు. నువ్వు పెట్టిన దీనివల్లే."

"ప్యాకెట్ వల్లా?" అంది హోంగ్ ఆంటీ, గుండె మీద చెయ్యేసుకుని. కొట్లో అందరూ నోళ్లు తెరిచారు. మా ఊళ్లో ఆ మాట అనడానికి గుండె కావాలి.

"ప్యాకెట్ కాదు ఆంటీ, ఈ అయస్కాంతం. పక్కన ఇది ఉంటే ఎన్‌కోడర్‌కి దిక్కు తెలీదు. పెయ్-లిన్ నాకు ముందే చెప్పింది. నేనే వినలేదు. తప్పు నాది, ఆమెది కాదు."

వాళ్లమ్మ అయస్కాంతం వైపు చూసింది, మిషన్ వైపు చూసింది, కొడుకు వైపు చూసింది. ఆవిడ ముఖం చూసి నేను నా టీ కప్పు గట్టిగా పట్టుకున్నాను.

"అంటే నా ప్యాకెట్ మంచిదే," అంది.

"మంచిదేనమ్మా."

"దానికి రెట్టింపు బలం ఇచ్చేసరికి మిషన్ తట్టుకోలేకపోయింది."

"...అలాగే అనుకో అమ్మా."

"మరి చూస్తూ నిలబడ్డావేంరా? ఆ పిల్ల వానలో వెళ్లింది!"

ఆ మాట పూర్తయ్యేలోపే వాడు రెయిన్‌కోటు పట్టుకుని పరిగెత్తాడు. వేసుకోవడానికి కాదు, ఇవ్వడానికి. నేనూ నా కొట్టుకి పరిగెత్తాను. ఈ వయసులో పరిగెత్తకూడదు, కానీ ఇది వదులుకునేది కాదు.

పెయ్-లిన్ కౌంటర్ వెనక తువ్వాలు కప్పుకుని కూర్చుంది. ముక్కు ఎర్రగా ఉంది. వాన వల్లేనని ఆమె ఈరోజుకీ అంటుంది.

"తెచ్చారా?"

"తేలేదు."

"పూచీ నాదన్నానుగా. తెచ్చి ఇచ్చేయండి."

"లోపం లేందాన్ని ఎలా తేను? మా అమ్మ ప్యాకెట్ పడకుండా పెద్ద అయస్కాంతం పెట్టింది. తీసేస్తే పనిచేసింది. అక్కడ అందరికీ చెప్పేసి వచ్చా."

ఆమె తువ్వాలు దించింది. "అందరి ముందూ? మీ అమ్మగారి ముందు కూడా?"

"ఆ."

"పక్కన అయస్కాంతం ఉండకూడదని మొదటిరోజే చెప్పానా?"

"చెప్పారు."

"విన్నానన్నారు!"

"వినలేదు. చూశా."

"ఏం చూశారు?"

"మీరు పెన్ను కోసం వెతుకుతున్నారు. అది మీ జుట్టులోనే ఉంది."

ఆమె చెయ్యి తనకు తెలీకుండానే ముడి మీదికి పోయింది. పెన్ను అక్కడే ఉంది. "ఇన్నాళ్లూ చెప్పొచ్చుగా, మనిషీ!"

"చెబితే తీసేస్తారని."

లోపల్నుంచి తాత గొంతు వచ్చింది. "ఒసేయ్, నాకు కళ్లే కనబడవు, నీకేమైంది? వెళ్లి ఆ పరీక్ష పూర్తి చేసి రా!"

*

సాయంత్రానికి జనం చేరారు. ప్యాకెట్‌ని హోంగ్ ఆంటీ స్వయంగా తన జడ రిబ్బన్‌తో మిషన్ పక్క కడ్డీకి కట్టింది. అయస్కాంతం నా సంచిలో ఉంది, దూరంగా. మిషన్ అడిగినవన్నీ అడిగినట్టే పోసింది.

"ఇప్పుడు కుక్కర్ పెడుతున్నా," అంది హోంగ్ ఆంటీ. "పోతే పోనీ, చూద్దాం."

పెట్టింది. టప్!

కొట్టంతా చీకటైంది. బయట వాన, లోపల ఎవరి ముఖం ఎవరికీ కనబడట్లేదు. తిరుగుతున్న పళ్లెం సగంలో ఆగిపోయింది. ఆ చీకట్లో ఆ-షున్ గొంతు వినబడింది, మెల్లిగానే అంటున్నాననుకున్నాడు పాపం.

"పెయ్-లిన్."

"ఊఁ."

"మీరంటే నాకిష్టం. గాంగ్‌షాన్ పంపినా, ఎక్కడ పడేసినా, కళ్లు తెరవగానే మీరెక్కడున్నారనే చూస్తా."

ఆమె గొంతు వచ్చింది, ఎప్పటిలాగే పదునుగా. "అమ్మనడిగి వచ్చారా?"

"లేదు. ఇది మాత్రం అడగలేదు."

"అడిగుంటే షెడ్డుకి వచ్చిన మొదటిరోజే ఒప్పుకునేదాన్ని కదరా సన్నాసీ!" అంది వాళ్లమ్మ చీకట్లోంచి. "జామకాయ ముక్కలు ఊరికే పెట్టాననుకున్నావా? ముందెవరైనా ఆ మీట పైకెత్తండి!"

నేనే ఎత్తాను. లైట్లు వెలిగాయి. ఆ-షున్ చెవులు పండిన మిరపకాయల్లా ఉన్నాయి. పెయ్-లిన్ వాడి వంక చూడకుండా నేరుగా మిషన్ దగ్గరికెళ్లి, కప్పు పెట్టి, తనే ఒక బటన్ నొక్కింది.

పళ్లెం ఒక్కక్షణం కూడా తడుముకోలేదు. తిరిగింది, ఆగింది, బూడిదగుమ్మడి టీ పోసింది. వాడు అడక్కుండానే నిమ్మచెక్క పిండాడు.

ఆమె ఒక గుక్క తాగి, జుట్టులోంచి పెన్ను తీసి వాడి చొక్కా జేబులో పెట్టింది.

"వచ్చే వారం మీ అమ్మగారితో కలిసి మా ఇంటికి రా," అంది. "తాతయ్య ముందు మాత్రం కౌంటర్ మీద మోచేతులు ఆనించకు."